జూన్‌లో గుడ్లు పెట్టిన పర్పుల్ మార్టిన్ జంట: పోలు దించొద్దు, ఈ నలభై రోజులు ఇలా చూసుకోండి

పర్పుల్ మార్టిన్ అంటే అమెరికాలో మనుషులు పోలుకి వేలాడదీసిన సొరకాయ బుర్రల్లో గూడు పెట్టే పక్షి, ఇక్కడ బుర్ర అన్న ప్రతిచోటా ఆ గూటి బుర్రే. ముందు సమాధానం చెప్పేస్తా, తర్వాత వివరంగా రాస్తా. దించొద్దండి. గుడ్లున్న బుర్రని ముట్టుకోవద్దు, ఖాళీ అయిన మిగతా పదకొండు బుర్రల్ని కూడా అలాగే వేలాడనివ్వండి.

మీరు అడిగింది ఇదీ: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీ ఇంటి వెనకాల పన్నెండు బుర్రల ర్యాక్ ఉంది, ఈ ఏడాది ఏడు జంటలు పిల్లల్ని లేపాయి, జూన్ మొదటి పది రోజుల్లో అందరూ ఎగిరిపోయారు, ఇంక సీజన్ అయిపోయింది కడిగి షెడ్‌లో పెట్టేద్దాం అనుకుని 11న ర్యాక్ దింపితే ఒక బుర్రలో ఒక గుడ్డు, 14కి నాలుగయ్యాయి. మీ సొసైటీ వాళ్ళేమో సీజన్ అయ్యాక పోలు తీసేయాలన్నారు. జులై 5న మీరు ఇండియా వెళ్తున్నారు, ఆగస్టు 1న వస్తారు. ఆ జంట మధ్యలో వదిలేసి పోతుందని ఎవరో చెప్పారు, ఇది ముందు జంట రెండో కాన్పేమో అని మీకు అనుమానం.

రెండో కాన్పు అయ్యే అవకాశం చాలా తక్కువ. మార్టిన్లు మామూలుగా ఏడాదికి ఒక్కసారే పిల్లల్ని చేస్తాయి, దక్షిణాన ఉన్న రాష్ట్రాల్లో ఎప్పుడో అరుదుగా రెండోసారి పెడతాయి. జూన్‌లో గుడ్లు కనిపించాయంటే రెండిట్లో ఒకటి. ఒకటి, ఎక్కడో గూడు పాడైన జంట, పామో గుడ్లగూబో తినేస్తే మళ్ళీ మొదలెట్టింది. రెండోది, ఇదే ఎక్కువగా జరిగేది, నిరుడు పుట్టిన కుర్ర జంట. పెద్ద పక్షులు మన నార్త్ టెక్సస్‌కి ఫిబ్రవరిలోనే దిగిపోతాయి, నిరుటి పిల్లలు మాత్రం వాటి వెనకాల రెండు మూడు నెలలకి గానీ రావు, వచ్చాక చోటు వెతుక్కోవాలి, జత కుదరాలి, అప్పుడు గూడు. అందుకే లేటు. గుడ్లు కూడా ఐదారు కాకుండా మూడో నాలుగో పెడతాయి. మీ నాలుగు గుడ్లు చూస్తే నాకు అదే అనిపిస్తోంది. మగదాన్ని బైనాక్యులర్స్‌తో ఒకసారి సరిగ్గా చూడండి, పెద్ద మగపక్షి ఒళ్ళంతా నల్లటి ఊదా నీలం, ఎండలో పట్టుచీర అంచులా మెరుస్తుంది, కుర్రది అలా ఉండదు, ఆడపక్షిలాగే బూడిదరంగు రొమ్ము, దాని మీద అక్కడక్కడ సిరా చుక్కలు పడ్డట్టు ముదురు ఈకలు. అలా కనిపిస్తే మీ ఇంట్లో తొలిచూలు జంట దిగినట్టు.

వదిలేసి పోతాయా అన్నది. గుడ్ల దశలో బాగా బెదిరితే పోవచ్చు, అన్ని పక్షుల్లోనూ ఉన్నదే. పిల్లలు బయటికొచ్చాక మాత్రం తల్లీతండ్రీ అంత తేలిగ్గా వదలవు. నా దగ్గర 2011 నించి ఉన్నాయి, ప్లేనోలో, ఆ ఏడాది డాలస్‌లో 71 రోజులు టెంపరేచర్ వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది లేదా దాటింది, అలాంటి ఎండలో కూడా నా మొట్టమొదటి జంట జులై చివరి దాకా మేత మోసింది. నేను చూసిన లేటు గూళ్ళు పాడైనవి చాలావరకు తల్లిదండ్రుల వల్ల కాదు. ఎండ వల్ల, చీమల వల్ల, పిచ్చుకల వల్ల, ఇంటివాళ్ళు సీజన్ అయిపోయిందని చూడ్డం మానేయడం వల్ల. ఏప్రిల్లో రోజూ మూడుసార్లు బైటికెళ్ళి చూసేవాళ్ళం జులైలో ఏసీలో కూర్చుని కిటికీలోంచి కూడా చూడం, లేటు జంటకి అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు తేదీలు వేసుకుందాం, మీ ప్రయాణం కూడా దాన్ని బట్టే. ఆడపక్షి రోజుకో గుడ్డు పొద్దున్నే పెడుతుంది, చివరి గుడ్డో దాని ముందుదో పెట్టగానే పొదగడానికి కూర్చుంటుంది, అక్కణ్ణించి 15-16 రోజులు, ఒక్కోసారి ఇంకో రోజో రెండ్రోజులో. పొదిగేది ఆడదే, మగది అది బయటికెళ్ళినప్పుడు లోపల కాసేపు కాపలా కూర్చుంటుంది అంతే. కాబట్టి జూన్ 29-30కి పిల్లలు. పిల్లలు ఎగరడానికి 26 నించి 32 రోజులు, సగటున 28 అనుకోండి. అంటే జులై 25 నించి ఆగస్టు 1 లోపు. దాదాపు మొత్తం మీరు లేనప్పుడే జరుగుతుందన్నమాట, ప్రయాణం మానుకోమని కాదు, పక్కింటివాళ్ళలో ఒకరికి పని నేర్పించి వెళ్ళాలి, అది చివర్లో చెప్తా.

సొసైటీ విషయం. మార్టిన్లు 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్ కింద రక్షణ ఉన్న పక్షులు, గుడ్లో పిల్లలో ఉన్న గూడుని తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, సొసైటీ రూలు దానికంటే పెద్దది కాదు. గొడవ పడకండి. బుర్రలో గుడ్లు కనిపించేలా ఒక ఫోటో, మొదటి గుడ్డు తేదీ, ఆగస్టు 15 తర్వాత తీసేస్తానని ఒక మాట, మూడూ కలిపి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి. నాకు తెలిసినవాళ్ళు అలా రాసిన ప్రతిసారీ ఒప్పుకున్నారు, తేదీ ఇస్తే ఎవరికైనా నచ్చుతుంది.

ఇక అసలు సంగతి, ఎండ. జులైలో మూసిన బుర్రలో నలుగురు పిల్లలు ఒకరిమీద ఒకరు పడుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీ బుర్రలు తెల్లవేనా, గాలాడే వెంటు మూతలున్నాయా చూడండి. తెల్లగా లేకపోతే ఇప్పుడు పెయింట్ వేయొద్దు, గూడున్నప్పుడు రంగు వాసన పనికిరాదు, వచ్చే శీతాకాలంలో వేద్దురు. చాలామంది పైపుతో బుర్ర మీద నీళ్ళు కొడతారు, అది చేయకండి, లోపల తడిస్తే మేత చెత్తా రెట్టా కలిసి ఉడికిపోతుంది, ఈగలు పడతాయి. వేడెక్కితే పిల్లలు ఎగరడం రాకముందే కన్నం దగ్గరికి వచ్చి నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంటాయి, కొన్ని దూకేస్తాయి. అలా కింద పడ్డ పిల్ల దొరికితే మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదని భయపడొద్దు, అది ఉత్త మాట, చేత్తో తీసి అదే బుర్రలో పెట్టేయండి. మీకు ఒక్క గూడే మిగిలింది కాబట్టి ఎవరి పిల్లో అని వెతుక్కునే పని కూడా లేదు. నేల మీద ఉంటే తల్లి సాధారణంగా దిగి మేత పెట్టదు, ఆకలితోనో పిల్లి నోట్లోనో పోతుంది. పెట్టాక ఒక పాతబట్ట ముక్క కన్నానికి అడ్డంగా పదినిమిషాలు ఉంచి, సర్దుకున్నాక తీసేయండి, లేదంటే వెంటనే మళ్ళీ దూకుతుంది. దెబ్బ తగిలితే మాత్రం లైసెన్సున్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కి (దెబ్బతిన్న అడవి జీవుల్ని చూసేవాళ్ళకి) ఫోన్ చేయండి, ఇంట్లో పెట్టి పెంచొద్దు, అది కుదరదు, చట్టం కూడా ఒప్పుకోదు.

చీమలు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 2018 జులైలో నా దగ్గర కూడా మీలాగే ఒకే ఒక్క గూడు మిగిలింది, నలుగురు పిల్లలు, పదిహేడో రోజు. మిగతా కాలనీ వెళ్ళిపోయి రెండు వారాలైంది, నేను పోలు చుట్టూ గడ్డి కోయడం వాయిదా వేశా, ఒక్క వారం, ఎండ ఎక్కువగా ఉందని. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోంచి చూస్తే ఆడపక్షి బుర్ర దాకా వచ్చి వాలకుండా వెనక్కి తిరిగిపోతోంది, నోట్లో తూనీగ అలాగే ఉంది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిరిగింది. బయటికి పరిగెత్తి వించి తిప్పి దించా. గడ్డిపోచ ఒకటి పెరిగి పైన తాడుకి తగులుతోంది, ఆ ఒక్క పోచ మీంచి ఫైర్ యాంట్స్ తాడెక్కి, తాడు మీంచి బుర్రలోకి సన్నటి ఎర్ర గీతలా వెళ్తున్నాయి. పోలు మీదకి ఏదీ పాకకుండా రేకు గార్డ్ పెట్టా, తాడు గురించి ఆలోచించలేదు. మూత తీస్తే ఇద్దరు అప్పటికే పోయారు, మిగతా ఇద్దరి కళ్ళ చుట్టూ, రెక్కల కింద చీమలు. ఒక్కొక్కటీ చేత్తో తీశా, నా వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి. పాత గూడంతా తీసేసి ఒక కవర్లో కట్టి పడేసి, కొత్త పొట్టు వేసి, ఇద్దర్నీ వేరే బుర్రలో పెట్టి అదే కొక్కేనికి తగిలించి పైకెత్తా. పది నిమిషాలు పట్టింది, ఆడపక్షి వచ్చి వాలింది, లోపలికి వెళ్ళింది. ఆ ఇద్దరూ పన్నెండు రోజుల తర్వాత ఎగిరాయి.

అందుకని ఈ వారమే చేయండి. పోలు చుట్టూ మూడు అడుగులు గడ్డి లేకుండా నున్నగా చేసేయండి, తాడు గానీ కేబుల్ గానీ చివర నేలకి తగలకుండా పైకి చుట్టి కట్టేయండి. పెరట్లో చీమల పుట్టలుంటే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు చెప్పే రెండు మెట్ల పద్ధతి ఉంది, ముందు గడ్డి మొత్తం మీద బెయిట్ (ఎర మందు) చల్లడం, తర్వాత మిగిలిన పుట్టలకి విడిగా మందు వేయడం, అది అందరికీ తెలిసిందే, పక్షుల దగ్గర మాత్రం పోలు మీద గానీ బుర్ర మీద గానీ ఏ మందూ కొట్టొద్దు. మనవాళ్ళు కొందరు ఇండియా నించి తెచ్చుకున్న చీమల చాక్‌పీసుతో పోలు మీద గీతలు గీస్తున్నారు, దయచేసి వద్దు, అది పురుగుమందు, ఇక్కడ అమ్మడమే చట్టవిరుద్ధం, పక్షి వాలితే కాళ్ళకి అంటుకుంటుంది. పసుపు చల్లితే ఆగుతాయని కూడా అనుకోవద్దు, వానొచ్చినా గాలొచ్చినా పోతుంది. నేను చేసేది, ప్రెడేటర్ గార్డ్ లోపల, అంటే ఆ రేకు డబ్బా కింద దాక్కున్న పోలు భాగం మీద, నాలుగంగుళాల వెడల్పున పెట్రోలియం జెల్లీ దట్టంగా పూస్తా. బయట పూయకూడదు, ఈకలకి అంటుకుంటే పక్షి ఎగరలేదు. ఎండకి కారిపోతుంది కాబట్టి వారానికోసారి చూసి మళ్ళీ పూయాలి. గార్డ్ లేకపోతే ఇవాళే కొని పెట్టండి, ర్యాట్ స్నేక్ అనే పాము పోలు ఎక్కడం నేను కళ్ళారా చూశా, మెట్లెక్కినంత హాయిగా ఎక్కుతుంది.

మైట్లు. సీజన్ చివరికి వచ్చేసరికి గూళ్ళలో మైట్లు అనే సన్నటి పురుగులు విపరీతంగా పెరుగుతాయి, బ్లోఫ్లై ఈగల పురుగులు కూడా, రాత్రిళ్ళు పిల్లల రక్తం తాగుతాయి. లేటు పిల్లలు ఎండతో ఇప్పటికే నీరసంగా ఉంటాయి కాబట్టి ఇది మామూలు పిల్లల కంటే వాటికి ఎక్కువ దెబ్బ. దీనికి మందు కాదు, గూడు మార్పు. పెట్ షాపులో దొరికే సీడార్ చిత్రిక పొట్టు పొడిగా ఉన్నది తెచ్చుకోండి, పిల్లలకి పది పదకొండు రోజులప్పుడు ఒకసారి, పంతొమ్మిది ఇరవైకి ఒకసారి, పిల్లల్ని ఒక చిన్న బకెట్లో గుడ్డ వేసి పెట్టి, పాత గూడు మొత్తం తీసి, కొత్త పొట్టు రెండంగుళాలు వేసి మధ్యలో గిన్నెలా గుంట చేసి పిల్లల్ని పెట్టేయడమే. ఐదు నిమిషాల పని. తల్లి కష్టపడి కట్టుకున్న గూడు తీసేస్తే బాధపడుతుందేమో అని నా భార్య మొదటిసారి చాలా గొడవ చేసింది, కానీ ఆ పాత గూడుని తెల్ల కాగితం మీద దులిపి చూపిస్తే కాగితం కదులుతున్నట్టు ఉంది, మళ్ళీ అడగలేదు.

వయసు గుర్తు పట్టడం కూడా చెప్తా, పక్కింటివాళ్ళకి ఇది అవసరం. మొదటి రోజు వేరుశెనగ గింజంత ఎర్రటి తోలు, ఒంటిమీద ఏమీ ఉండదు. తొమ్మిది పది రోజులకి కళ్ళు విడుతూ ఉంటాయి, రెక్కల మీద నల్లటి పుల్లల్లా ఈకల మొలకలు. రెండు వారాలకి ఆ పుల్లల చివర్లు విచ్చుకుని కుంచెల్లా అవుతాయి. ఇరవైకి పక్షిలా కనిపిస్తాయి. ఇరవై రెండు దాటాక ఇంక ర్యాక్ దించొద్దు, మూత తీయొద్దు, ఇది చాలా ముఖ్యం, ఆ వయసులో బెదిరితే దూకేస్తాయి, నేల మీద పడితే లేవలేవు.

పిచ్చుకల గురించి రాయాలంటే నాకు మనసొప్పదు గానీ రాయాలి. మాది పశ్చిమ గోదావరి, కోతలయ్యాక మా నాన్న వరికంకులు కుచ్చుగా అల్లి చూరుకి కట్టేవారు, పిచ్చుకలు వచ్చి తింటుంటే మేం అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం, ఇప్పుడు మా ఊళ్ళో పిచ్చుక కనిపిస్తే ఫోటో తీసి పంపిస్తున్నారు. అదే పిచ్చుక, అదే జాతి, ఇక్కడికి 1850ల్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, ఇక్కడ అది మార్టిన్ గుడ్లని పొడిచి పడేస్తుంది, పిల్లల్ని కూడా పొడుస్తుంది, బుర్రలో గడ్డి కుక్కి ఆక్రమించుకుంటుంది. కాలనీ నిండుగా ఉన్నప్పుడు పది పక్షులు కలిసి అరిచి తరుముతాయి, ఇప్పుడు మీ జంట ఒంటరి, చుట్టూ పదకొండు ఖాళీ బుర్రలు. పిచ్చుకకి ఇంతకంటే మంచి సమయం లేదు. వాటికి ఇక్కడ చట్టం రక్షణ లేదు, కొందరు పట్టి చంపుతారు, నేను ఆ పని చేయలేను, నాకు వచ్చిన దారి ఏంటంటే వారానికి రెండుసార్లు దించి, ఖాళీ బుర్రల్లో పిచ్చుక గడ్డి ఉంటే మొత్తం లాగేయడం. మగ పిచ్చుక పట్టుదల మనిషి పట్టుదల కంటే ఎక్కువ, ఆపకుండా తీస్తూ ఉండాలి. పెరట్లో ఆ నలభై రోజులూ మిల్లెట్, బియ్యం, మిగిలిన అన్నం వేయడం మానేయండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి కారణం చెప్పి ఒప్పించండి, మా అమ్మగారు వచ్చినప్పుడు రోజూ గోడ మీద అన్నం ముద్ద పెట్టేవారు, చెప్పాక అర్థం చేసుకున్నారు.

మరి ఖాళీ బుర్రలు మూసేస్తే పోదా అంటారేమో. మూయొద్దంటున్నది అందుకే, ఇక్కడ ఒక సంగతి ఉంది, నాకు అర్థమవడానికి నాలుగేళ్ళు పట్టింది. జూన్ చివరా జులైలో పొద్దున పూట చూడండి, మీ ర్యాక్ మీదకి మీవి కాని పక్షులు వస్తాయి. ఆ ఏడాదే పుట్టి ఎగరడం నేర్చుకున్న పిల్లలు, జత దొరకని కుర్రవి, గుంపులుగా వచ్చి ప్రతి బుర్రలో తల పెట్టి చూసి పోతుంటాయి. ఊరికే తిరగడం కాదు, వచ్చే ఏడాదికి ఇల్లు చూసుకుంటున్నాయి. పెద్దవి ఏటా పాత చోటికే తిరిగొస్తాయి, పిల్లలు మాత్రం పుట్టిన బుర్రకే రావు, ఆ చుట్టుపక్కల చూసిపెట్టుకున్న చోట్లకి వెళ్తాయి. అక్కడ ఇంకా గూడు నడుస్తూ, మగపక్షి పాడుతూ, పిల్లల అరుపులు వినిపిస్తూ ఉంటే ఆ చోటు వాటికి నచ్చుతుంది. మీ లేటు జంట ఒక్కటే ఉండి మీ ఇంటికి ఆ పని చేసిపెడుతోంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చినప్పుడు టెక్సస్‌లో అప్పటికే దిగిన పెద్ద పక్షులు చాలా చచ్చిపోయాయి, నా దగ్గర పదమూడు దిగితే రెండే మిగిలాయి, ఆ ఏప్రిల్, మే నెలల్లో నా బుర్రల్ని నింపినవన్నీ కుర్ర జంటలే, ముందు ఏడాది జులై అంతా నేను బుర్రలు తెరిచి ఉంచినందుకే వచ్చాయని నా నమ్మకం.

అన్నట్టు ఈ బుర్రలు మన సొరకాయే, తెలుసుగా, అదే పాదు, అదే జాతి. మన పొలాల్లో ఎండబెట్టి నీళ్ళకీ కల్లుకీ వాడిన బుర్రనే ఇక్కడ చోక్టా, చికసా అనే అమెరికా ఆదివాసీ తెగలవాళ్ళు ఈ పక్షుల కోసం కర్రలకి వేలాడదీశారు, అలా మొదలైంది. ఇప్పుడు రాకీ పర్వతాలకి తూర్పున ఉన్న మార్టిన్లు దాదాపుగా అన్నీ మనుషులు పెట్టిన ఇళ్ళలోనే పిల్లల్ని చేస్తాయి, చెట్టు తొర్రలకి వెళ్ళే అలవాటు పోయింది. అందుకే వాటిని పెంచేవాళ్ళని లాండ్‌లార్డ్ అంటారు, అద్దె తీసుకోని ఇంటాయన. ఇల్లు మనమిచ్చాం కాబట్టి మధ్యలో ఖాళీ చేయించే హక్కు మనకి లేదు, నా లెక్క అది.

మేత సంగతి. ఎండాకాలం తూనీగలు, సీతాకోకలు, ఎగిరే చీమలు బాగానే దొరుకుతాయి, మీరు పెట్టాల్సిన పని లేదు. కోడిగుడ్డు పెంకులు మాత్రం పడేయకండి, ఓవెన్లో వేడిచేసి చిన్న ముక్కలుగా నలిపి ఒక పళ్ళెంలో ఎత్తుగా పెట్టండి, పిల్లల ఎముకలకి తల్లి తీసుకెళ్తుంది. దోమలు తింటాయని ఆశపెట్టుకుని పెంచేవాళ్ళు కొందరున్నారు, రోజుకి రెండువేల దోమలని ఒకప్పుడు ప్రచారం చేశారు, నిజం కాదు, ఇవి ఎత్తున పగటిపూట వేటాడతాయి, దోమలు తిరిగేది సాయంత్రం కిందన.

ఇప్పుడు మీ ప్రయాణం. పక్కింటాయనతో మీరు వెళ్ళేలోపు కనీసం రెండుసార్లు ర్యాక్ దింపించి ఎత్తించండి, మాటల్లో చెప్తే రాదు, చేత్తో చేస్తేనే వస్తుంది. జూన్ 30న మీరే చూసి ఎన్ని పొదిగాయో రాసుకోండి, జులై 4న ఇంకోసారి చూసి, చిట్లని గుడ్డు ఉంటే పిల్లలు దాన్ని ఆనుకుని పడుకుంటాయి, ఏం పర్లేదు, అలాగే ఉంచండి. తర్వాత జులై 10న ఆయన దించి మొదటిసారి పొట్టు మార్చాలి, 18న రెండోసారి, పొద్దున తొమ్మిది పదింటి మధ్య, మిట్టమధ్యాహ్నం కాదు, చీకటి పడ్డాక అసలే కాదు. మధ్యలో 14న ఒకసారి దించి పిచ్చుక గడ్డి, చీమలు, జెల్లీ చూస్తే చాలు. 20 తర్వాత దించొద్దని పోలుకే ఒక కాగితం అంటించండి, కుతూహలం కొద్దీ ఎవరైనా మూత తీస్తారు. 20 నించి కింద నించి చూడ్డమే, పొద్దునా సాయంత్రం ఒక్కసారి పోలు చుట్టూ నేల మీద పిల్ల పడిందేమో చూడమనండి, కూపర్స్ హాక్ అనే డేగ తిరిగే చోటైతే ర్యాక్ మీద ఉన్న వైరు కంచె ఊడిందేమో మీరే ముందు చూసి వెళ్ళండి. గూడుకి మేత రావడం పూర్తిగా ఆగిపోయి మూడు నాలుగు గంటలు ఎవరూ రాకపోతేనే కంగారు పడాలి, అప్పుడు రిహాబిలిటేటర్‌కి ఫోన్, ఆ నంబరు కూడా కాగితం మీదే రాయండి.

మొదటి పిల్ల ఎగిరిన రోజు రాత్రి మళ్ళీ బుర్రలోకే వస్తే ఆశ్చర్యపోవద్దు, కొన్ని రోజులు పడుకోడానికి వస్తాయి, బయట తల్లిదండ్రులు మేత పెడుతూ ఉంటాయి. తర్వాత పెద్ద గుంపుల్లో కలుస్తాయి, ఆస్టిన్‌లో, హ్యూస్టన్ వైపు సాయంత్రాలు చెట్ల మీదకి వేలకు వేలు దిగడం చూడాల్సిందే, తెల్లవారుజామున అవి లేచేటప్పుడు వాతావరణ రాడార్‌లో ఉంగరంలా గుండ్రంగా కనిపిస్తుంది. అక్కణ్ణించి బ్రెజిల్. 2007లో పెన్సిల్వేనియాలో ఈ పక్షుల వీపు మీద ఎక్కడ తిరిగాయో తెలిపే చిన్న జియోలొకేటర్లు కట్టి పంపిస్తే ఒక ఆడపక్షి బ్రెజిల్ వెళ్ళడానికి 43 రోజులు తీసుకుని, గూడుకి తిరిగి రావడానికి 13 రోజులే తీసుకుంది, పక్షి శాస్త్రవేత్త బ్రిజెట్ స్టచ్‌బరీ వాళ్ళు 2009లో ప్రచురించారు. బరువు ఒక కోడిగుడ్డంత ఉండే పక్షి. మీ నాలుగు పిల్లలకి మిగతా వాటి కంటే ఏడెనిమిది వారాలు తక్కువ టైముంది ఆ ప్రయాణానికి బలం పుంజుకోడానికి, అందుకే గూట్లో ఉన్న ప్రతిరోజూ వాటికి కడుపు నిండాలి, రాత్రి మైట్లు లేకుండా పడుకోవాలి.

ఆగస్టు 1న మీరు వచ్చాక కూడా వెంటనే తీయొద్దు. పెరట్లో చివరి మార్టిన్ కనిపించిన రోజు నించి రెండు వారాలు లెక్కపెట్టండి. అప్పుడు దించి, గూళ్ళు తీసి, పదిపాళ్ళ నీళ్ళకి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, కన్నాలకి బిరడాలు పెట్టి దాచండి, తేమ ఉంటే బూజు పడుతుంది.

30న పొద్దున చూసి ఎన్ని పిల్లలయ్యాయో, మగపక్షి రొమ్ము మీద ఆ సిరా చుక్కలున్నాయో లేదో రాయండి, దాన్నిబట్టి తేదీలు ఒకరోజు అటూఇటూ సర్ది మీ పక్కింటాయన కోసం ఒక పేజీ రాసిస్తా.